ఏడుగురక్కల గుండు

పులిహోర గురించి మొదలైన మాట పులిహోర దగ్గర ఆగలేదు. మూడు రోజులుగా ఆ ఇంట్లో కాఫీలప్పుడూ అదే, భోజనాలప్పుడూ అదే.

"చేతికొచ్చిన కొడుకు పోయి ఒక తల్లి ఏడుస్తుంటే, మనం కాలనీ అంతా చేరి పెట్టెల్లో పులిహోర తింటే ఏం బావుంటుంది మావయ్యగారూ? ఆర్డరు రద్దు చేస్తానంటే వద్దంటారు," అంది వర్షిత పెనం మీద దోసె తిరగేస్తూ.

రామబ్రహ్మం పేపరు మడిచి మోకాలి మీద పెట్టుకున్నాడు. ముహూర్తం తను పెట్టింది కాదనీ, తెనాలి సిద్ధాంతిగారు పెట్టారనీ, శుక్రవారం గుడి కలశస్థాపన దాటిపోతే మళ్ళీ మాఘమాసం దాకా మంచిరోజు లేదనీ ఓపిగ్గానే చెప్పాడు. ఇరిగేషన్ శాఖలో ముప్ఫై ఏళ్ళు ఫైళ్ళు నడిపిన మనిషి, ఎవరికైనా అలాగే నింపాదిగా చెబుతాడు. "ఆ అబ్బాయి పోయింది గుడి బయటమ్మా. అమ్మవారికి మైల లేదు. ఇంక ఆపడానికి కారణమేముంది?"

కాలనీ వాట్సాప్ గ్రూపులో ఓటింగ్ పెడదామని ఆదర్శ్ ల్యాప్‌టాప్ మీంచి తలెత్తకుండా సలహా ఇచ్చాడు. తండ్రీ, భార్యా ఒకేసారి తనవైపు తిరిగిన చూపులకి మళ్ళీ ఆఫీసు పనిలో తలదూర్చేశాడు.

రామబ్రహ్మం భార్య రత్నమాల అట్టు తుంచుకుని తింటూ గోడ గడియారం వంక చూసింది. ఫోరెన్సిక్ ల్యాబ్‌లో రక్తపు మరకల విభాగంలో పాతికేళ్ళు పనిచేసి, ముందుగానే రిటైరై, నిజాంపేటలో ఒక గది అద్దెకి తీసుకుని పరిశోధనల ఆఫీసు పెట్టుకుంది ఆవిడ. పెళ్ళి సంబంధాల వాకబులూ, ఆస్తి తగాదాల్లో దొంగ సంతకాలూ ఆవిడకొచ్చే కేసులు. చావు కేసు ఇదే మొదటిది. అది తన సొంత కాలనీలోనే రావడం ఆవిడ ఖర్మ.

"నువ్వు ఇక్కడ ఉంటూ ఇక్కడే తవ్వుతున్నావు," అన్నాడు రామబ్రహ్మం ఆవిడ చెప్పులేసుకుంటుంటే. "లిఫ్టులో నలుగురూ నా ముఖం చూస్తున్నారు."

"సాయంత్రం నాలుగింటికి గుడిలో పూజచేసే ముసలమ్మని పోలీసులు మేజిస్ట్రేటు దగ్గరికి తీసుకెళ్తారటండీ. ఆవిడ ముఖం ఎవరూ చూడటం లేదు," అని రత్నమాల తలుపు దగ్గరికి వేసింది.

నార్సింగిలో వాళ్ళ టవర్లకీ క్లబ్‌హౌస్‌కీ మధ్య ఒక గుట్ట ఉంది. ఆ గుట్ట మీద ఏనుగంత బండ, బండ పొట్టలో తొలిచిన గుహ, గుహ వెనకగోడ మీద వరసగా కూర్చున్న ఏడుగురు అమ్మవార్లు. ఎవరు చెక్కారో, ఏ కాలంలో చెక్కారో చెప్పే శాసనం లేదు. ఊరి వాళ్ళు దాన్ని ఏడుగురక్కల గుండు అంటారు. ఏడుగురు అక్కచెల్లెళ్ళు ఎవరో రాజు సైన్యం తరుముతుంటే పరుగెత్తుకొచ్చి, బండని దారిమ్మని అడిగి లోపలికి వెళ్ళిపోయారట. ఆఖరిది మాత్రం వెనక్కి తిరిగి చూసింది కాబట్టి దాని ముఖం రాయిలోకి పోలేదు, బయటా మిగల్లేదు. ఏడో బొమ్మకి ముఖం ఉండాల్సిన చోట తరాలుగా మెత్తిన పసుపు గట్టిపడి పిడికిలంత ముద్దలా ఉంటుంది. ఆ ముద్ద కింద ముఖం చూసినవాళ్ళు బతకరని ఊళ్ళో మాట. కాలనీ వాళ్ళ కరపత్రంలో కథ వేరు. పాండవులు ఒక్క రాత్రిలో చెక్కారనీ, అమ్మవారు లలితాదేవి అనీ అందులో ఉంది. అపార్టుమెంట్లు కట్టాక గుహకి ఇనుప గేటు, నల్లా, చక్రాల కుర్చీలు ఎక్కే ఏటవాలు దారీ వచ్చాయి. ఒక కమిటీ కూడా వచ్చింది. దాని అధ్యక్షుడు రామబ్రహ్మం.

ఆరోన్ ఆ బొమ్మల్ని స్కాన్ చేయడానికి వచ్చిన కుర్రాడు. పాత కట్టడాలని లేజర్ కిరణాలతో కొలిచి కంప్యూటర్లో బొమ్మ కట్టే చిన్న కంపెనీలో ఉద్యోగం. సోమవారం తెల్లారాక గుండు కింద, తోటమాలి గొట్టాలు చుట్టే చోట, తల వెనక పగిలి పడున్నాడు. బండ మీంచి జారాడని ఒక మాట, ఏడో అక్క శాపమని ఒక మాట. ఆదివారం సాయంత్రం గుండుకి పూజచేసే కొమురమ్మ అతన్ని తిట్టిన వీడియో కాలనీ ఫోన్లన్నిటికీ చేరాక, ఆమే తోసేసిందని మూడో మాట పుట్టింది. బాచుపల్లిలో నర్సుగా పనిచేసే అతని తల్లి విమల మాత్రం ఏ మాటా నమ్మక రత్నమాలని వెతుక్కుంటూ నిజాంపేట వచ్చింది.

కొమురమ్మ పోలీస్ స్టేషన్ వరండాలో గోడకి ఆనుకుని కూర్చునుంది. ఆమె అత్తా, ఆ అత్త అత్తా కూడా ఆ గుండుకి పూజచేసిన వాళ్ళే. చీరకొంగు మీద ఆరోన్ నెత్తురు ఉందని చీర తీసుకుని, ఎవరిదో పాత నైటీ తొడిగారు. దాని చేతులు పొడుగై వేళ్ళ మీదికి జారుతుంటే మాటిమాటికీ పైకి తోసుకుంటోంది.

"తిట్టావా లేదా?" అని రత్నమాల సూటిగా అడిగింది.

"తిట్టిన. కాదంటనా? దాని మొఖం జూస్తె నీ మొఖం నీ తల్లి జూడదు అన్న. నోటికొచ్చింది, అన్న." ముసలిది కాసేపు ఆగింది. "గని బిడ్డా, గా పొద్దుగూకంగ మల్లొచ్చిండు పోరడు. పెద్దమ్మా, నేను పసుపు ముట్ట, ఉత్త ఎలుతురే ఏస్త అన్నడు. గట్లయితె ఏసుకో అన్న. ఇగ కొట్లాటేడిది?"

ఆ రాజీని ఎవరూ వీడియో తీయలేదు. తిట్టేటప్పుడు మాత్రం నాలుగు బాల్కనీల్లోంచి తీశారు.

ఆ ఉదయం సంగతి రత్నమాల ఒకటికి రెండుసార్లు అడిగింది. వెలుతురు వచ్చాక పూలు పట్టుకుని కింది దారిన వస్తూ ఆమె అతన్ని చూసింది. తల ఒళ్ళో పెట్టుకుని అరిస్తే తోటమాలి పరుగెత్తుకొచ్చాడు, ఆ వెనక సెక్యూరిటీ వాళ్ళు, ఆ వెనక కాలనీ. అంబులెన్సు వచ్చేలోగా ఒళ్ళో ఉన్న తల చల్లబడిపోయింది.

"చల్లబడటమేంటి? నువ్వు పట్టుకున్నప్పుడు వెచ్చగా ఉన్నాడా?"

"ఎచ్చగున్నడు. పెదిమెలు గుడ ఆడినయి. గదే చెప్తున్న, ఎవరింటున్నరు?"

"కింద నేల మీద నెత్తురుందా?"

కొమురమ్మ కళ్ళు మూసుకుని తలచుకుంది. తన కొంగుకి అయినంతే, మన్ను మీద లేదు అంది. తల వెనక అంత దెబ్బ తగిలి పడినవాడి కింద మన్ను తడవకుండా ఎలా ఉంటుందో ఆ స్టేషన్లో ఎవరూ అడిగినట్టు లేదు.

ఇన్‌స్పెక్టర్ లోహిత్ గుట్ట దగ్గర ఎదురుచూస్తున్నాడు. పై అధికారి ఒకాయన ఫోన్ చేసి చెప్పాడు కాబట్టి గేటు తీయించాడు గాని, ఆ పని తనకెంత ఇష్టమో ముఖం మీదే రాసిపెట్టుకున్నాడు.

"జర జల్ది కానియ్యండి మేడం. మీ ల్యాబ్‌ల రిపోర్టుకు మూడేండ్లు పట్టేది. నాకు గంటన్నర ఉంది."

"రిపోర్టుకి కాదు, మీరు పంపిన సీసాల మీద సీలు సరిగ్గా ఉందో లేదో చూడ్డానికే మాకు సగం రోజులు పోయేవి," అంటూ రత్నమాల ఏటవాలు దారి ఎక్కింది.

మధ్యాహ్నమైనా గుహలో వెలుతురు చాలదు. నూనె కమురు, వాడిన బంతిపూలు, తడి రాయి కలిసిన వాసన. ఏడుగురు అక్కలూ గోడ మీదనుంచి కిందికి చూస్తున్నారు. ఆరుగురికి వెండి కళ్ళు, ఆఖరిదానికి పసుపు ముద్ద. మెడల్లో నిమ్మకాయల దండలు. మూల నల్లా దగ్గర రెండు బకెట్లు, చీపురు, బట్టలుతికే పొడి ప్యాకెట్టు, అభిషేకం నీళ్ళ డబ్బాలు మోసే చక్రాల బండి. మధ్యలో మూడు కాళ్ళ స్టాండు మీద స్కానర్ ఆ రోజు వదిలినట్టే ఉంది.

ఆ పరికరంలో ఏముందో లోహిత్ చూపించాడు. సోమవారం తెల్లవారుజామున ఆరుగురి బొమ్మలూ పూర్తయ్యాయి. ఏడోది సగం వచ్చి ఆగింది. ఒళ్ళో చెయ్యి, భుజం, మెడ, అక్కడికి తెగిపోయింది.

"ముసల్ది వచ్చి ఆపింది. కొట్లాడుకుంట బయటికి పోయిన్రు. నూకింది. ఖతం," అన్నాడు లోహిత్. "ఇంకో ముచ్చట చెప్పాల్నా? పోస్ట్‌మార్టంల ఏమొచ్చిందంటే, దెబ్బ తాకినంక అరగంట పైననే పానముంది. దవాఖానకు తీస్కపోతే బతుకుతుండె. గది పక్కన కూసొని సావనిచ్చింది."

రత్నమాల స్కానర్ చుట్టూ ఒకసారి నడిచి చూసింది. బొమ్మ సగంలో ఆపి స్కానర్ని వెలుగుతూ వదిలేసి ఎవడూ కొట్లాటకి బయటికి పోడు. ఏడో అక్క ముందు నేల నూనెతో నున్నగా ఉంది. స్టాండు జరుపుతూ వెనక్కి అడుగేస్తే జారే చోటు. జారితే తల తగిలేది వెనకున్న రాతి దీపాల గట్టుకి. ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని టార్చి వేసింది. గట్టు అంచు మిగతా రాయి కన్నా తెల్లగా, ఎవరో పట్టిపట్టి తోమినట్టు ఉంది. దాని కింద బండ పగుల్లో ఎర్రటి మరక, వేలెడు పొడవు, లోపలికి ఇంకిపోయి ఉంది.

"కుంకుమ," అన్నాడు లోహిత్ పైనుంచి. "అమ్మవారి గుడిల కుంకుమ గాక ఏముంటది మేడం?"

రత్నమాల లేచి, అక్కల మెడలోని దండ నుంచి ఒక నిమ్మకాయ తెంపింది. వెనకున్న కానిస్టేబుల్ చెంపలు వేసుకున్నాడు. పళ్ళెంలో ఉన్న కుంకుమ చిటికెడు తీసి గట్టు మీద వేసి, దాని మీద రసం పిండింది. కుంకుమ ఎర్రగానే ఉంది. "ఇది బజారు కుంకుమ. రంగు పొడి. ఏం పిండినా మారదు." మిగతా రసం పగుల్లోకి పిండింది.

ఎర్ర మరక వాళ్ళు చూస్తుండగానే విరిగి, పలచబడి, పచ్చగా తిరిగింది.

లోహిత్ వంగాడు.

"ఇంట్లో మీ ఆవిడనడగండి చెబుతుంది. కూర మరక మీద సబ్బు పడితే ఎర్రగా మారుతుంది. నిమ్మకాయ రాస్తే మళ్ళీ పచ్చబడుతుంది. ఇది పసుపు. సబ్బు పొడితో ఈ గట్టు తోమాక, ఆ సబ్బు పూర్తిగా పోకముందే పైనుంచి పసుపునీళ్ళు చల్లారు."

"గుడి కడుగుడు తప్పా?"

"నెత్తురు కడిగేవాడు సబ్బుతో కడిగి ఊరుకుంటాడు. గుడి శుద్ధి చేసేవాడు పసుపునీళ్ళు చల్లి ఊరుకుంటాడు. రెండూ చేసినవాడికి అమ్మవారంటే భక్తీ ఉంది, మనుషులంటే భయమూ ఉంది." ఆవిడ చక్రాల బండి వైపు చూపించింది. "పిల్లాడు ఇక్కడ పడ్డాడు. ఎవరో ఆ బండి మీద వేసుకుని కిందికి దించారు. అందుకే కింద మన్ను మీద నెత్తురు లేదు. దూది తెప్పించి ఆ పగుల్లో లోపలిదాకా తుడిపించండి. పైన కడగ్గలరు గాని పగుల్లోది పోదు."

లోహిత్ వెళ్ళి చక్రాల బండి మీద టార్చి వేసి చూశాడు. ఓడిపోయినట్టు కాదు, లెక్క మళ్ళీ మొదటినుంచి వేసుకుంటున్నట్టు ఉన్నాడు. ఆ తర్వాత, ఈ పనంతా కొమురమ్మే చేసి ఉండొచ్చు కదా అన్నాడు. డెబ్భై దాటిన ఆడది మనిషిని ఎత్తి బండిలో వేయగలదా, వేసినా చివరికి అక్కడే కూర్చుని అందరినీ ఎందుకు కేకలేసి పిలుస్తుంది అని రత్నమాల అడిగింది. గేటు తాళంచెవుల మాట వచ్చింది. ఒకటి కొమురమ్మ దగ్గర, ఒకటి ఆరోన్ జేబులో, మూడోది కమిటీ వాళ్ళది.

"కమిటీ అంటే అయిదుగురు," అన్నాడు లోహిత్. ఈసారి గొంతులో ఎకసెక్కం లేదు. "గండ్ల మీ సారు గుడ ఉన్నరు మేడం."

"తెలుసు," అంది రత్నమాల.

"దూది పంపిస్త. రిపోర్టొచ్చెదాంక ముసల్దాన్ని ఇడువలేను. నాలుగింటికి మేజిస్ట్రేట్ ముందర పెట్టుడే. మీ తాన పేరుంటే గా లోపల చెప్పండి. పేరు లేకుంటే నిమ్మకాయ కథ నాకొద్దు."

గుట్ట దిగుతుంటే ఆవిడ మనసు మిగిలిన నలుగురినీ ఒక్కొక్కరిగా ముందుకి తెచ్చుకుంది. ఒకాయన ఆ వారమంతా అమలాపురంలో ఉన్నాడు. ఒకాయనకి మోకాలి ఆపరేషన్ అయి నెల. మిగతా ఇద్దరూ ఎనిమిదింటికి ముందు లేవని సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు. ఆ లెక్క అక్కడికి వచ్చి ఆగిపోతుంటే ఆవిడ లిఫ్టు ఎక్కకుండా మెట్ల వైపు నడిచింది. నాలుగో అంతస్తు దాకా మెట్లెక్కినా ఆలోచన మాత్రం ముందుకి కదల్లేదు. సోమవారం ఉదయం తను ఇంట్లో లేదు. నిజాంపేటలో చెల్లెలింట్లో పడుకుంది.

వర్షిత వంటింట్లో ఒక్కతే ఉంది. రత్నమాల మంచినీళ్ళు తాగి, కూరగాయల పళ్ళెం ముందుకి లాక్కుని చిక్కుడుకాయల ఈనెలు తీయడం మొదలుపెట్టింది. సోమవారం పొద్దున ఇంట్లో ఏమేం జరిగిందో చెప్పమంది, మామూలు మాటలాగే.

కోడలికి అందులో దాచవలసిందేమీ కనిపించలేదు. ఆ రోజు తనకి ఆఫీసు కాల్ ఉంది, తొందరగా స్నానం చెయ్యాలి, బాత్రూం ఖాళీ లేదు. మావయ్యగారు గుడినుంచి వచ్చి, ఎవరినీ ముట్టుకోకుండా, పంచె కండువాలతోనే బాత్రూంలోకి వెళ్ళి బకెట్ల కొద్దీ నీళ్ళు పోసుకున్నారు. తడిబట్టలు అలాగే పిండి బయటికొచ్చి, కొత్త జంధ్యం వేసుకున్నారు. గుడికి వెళ్ళేముందే ఒకసారి స్నానమైంది కదా, ఇప్పుడెందుకు అంటే దారిలో ఏదో తొక్కానన్నారు.

"మీరేమీ అనకండత్తయ్యా. పెద్దాయన. నాకు కాల్ ఆలస్యమైందని విసుక్కున్నా, అంతే."

"కింద తోటమాలి అరుపులు అప్పటికే వినిపించాయా?"

"లేదు. మావయ్యగారు బయటికొచ్చి, నేను లోపలికెళ్ళి నీళ్ళు పట్టుకుంటుంటే వినిపించాయి. అప్పుడే కదా ఆదర్శ్ బాల్కనీలోకి పరుగెత్తింది."

రత్నమాల చేతిలో చిక్కుడుకాయ రెండుగా విరిగింది. కట్టుబట్టలతో తలమీంచి నీళ్ళు పోసుకుని జంధ్యం మార్చుకునేది ఎప్పుడో ఈ కాలం పిల్లలకి తెలియకపోవచ్చు. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో ఆవిడ ఆ స్నానాన్ని ఆయన తండ్రి పోయినప్పుడూ, తల్లి పోయినప్పుడూ చూసింది. చావు కబురు ఎవరూ తేకముందే ఆయన మైలస్నానం చేశాడు.

వర్షిత మాట మధ్యలో ఆపి అత్తగారి ముఖం చూసింది. ఆ తర్వాత తను చెప్పినదాన్ని తనే మళ్ళీ విన్నట్టుగా గోడకి ఆనుకుంది.

రామబ్రహ్మం మధ్యాహ్నం నిద్ర లేచి హాల్లోకి వచ్చాడు. ఆదర్శ్ చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసి, ఏమైందన్నట్టు వంటింటి వైపు చూశాడు. రత్నమాల చేతులు కడుక్కుని వచ్చి భర్త ఎదురుగా కూర్చుంది. ఏమీ అడగలేదు. గుహలో దీపాల గట్టు పగుల్లోంచి దూదితో తుడుస్తున్నారని మాత్రం చెప్పింది.

ఆయన కళ్ళజోడు తీశాడు. తుడుచుకోవడానికి కండువా కోసం భుజం తడుముకున్నాడు, అక్కడ లేదు. కాలనీలో నలుగురికీ వినపడేలా సహస్రనామాలు చదివే ఆ గొంతు అప్పుడు పక్క కుర్చీకి కూడా సరిగ్గా వినిపించలేదు.

"పోయాడనుకున్నాను రత్నా."

ఆదర్శ్ కుర్చీలోంచి సగం లేచి ఆగిపోయాడు.

"కదల్లేదు. నేను వెళ్ళేసరికే గట్టు పక్కన పడున్నాడు, పిలిచాను, పలకలేదు. గర్భగుడిలో శవం అంటే ఇంక కలశం ఏముంది, సంప్రోక్షణ, మండలం రోజుల శుద్ధి... అన్నీ ఒక్కసారే..."

"ఆగండి. ఇంకేమీ నాకు చెప్పకండి," అంది రత్నమాల. "భార్యకి చెప్పిన మాట కోర్టులో నిలబడదు. నేను విన్నందువల్ల కొమురమ్మ బయటికి రాదు."

ఆయన తలూపాడు. ఆ మాట అర్థమైందో, అర్థం కాకపోయినా అలవాటుగా ఊపాడో.

ఆవిడ అంతటితో ఆపి ఉండొచ్చు. ఆపుదామనే ఒక్క క్షణం అనుకుంది. కాని మరో గంటలో ఆ మాట ఎవరో పోలీసు నోట, పదిమందిలో ఆయన వినడం కన్నా తన నోట వినడమే నయం.

"ఆ పిల్లాడు పోలేదండీ. మీరు దించి వచ్చాక కూడా బతికే ఉన్నాడు. కొమురమ్మ పట్టుకున్నప్పుడు పెదవులు కదిలాయట."

రామబ్రహ్మం తన రెండు అరచేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చున్నాడు. వర్షిత నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. నాన్నని అడగాల్సింది లాయర్ ఉన్నప్పుడనీ, ఇవాళ ఎవరూ ఎక్కడికీ వెళ్ళక్కర్లేదనీ, రేపటిదాకా ఆగితే ఏమవుతుందనీ ఆదర్శ్ గబగబా అంటున్నాడు. రేపటిదాకా ఆగితే కొమురమ్మ ఈ రాత్రి జైల్లో పడుకుంటుందని ఎవరూ అతనికి చెప్పలేదు. చెప్పకుండానే అతని మాటలు ఒకటొకటిగా తగ్గిపోయాయి.

గడియారంలో మూడు దాటింది. రత్నమాల లేచి బీరువాలోంచి భర్త ఉతికిన చొక్కా తెచ్చి కుర్చీ చేతి మీద పెట్టింది. ఆ తర్వాత అందరికీ కలిపి, గొంతు పెంచకుండా, రేపటి వంటేమిటో చెబుతున్నంత మామూలుగా చెప్పింది.

"నాలుగింటికి మనం నలుగురం కోర్టుకి వెళ్తున్నాం. ఈయన చెప్పాల్సింది మేజిస్ట్రేటుకి చెబుతారు. ఆదర్శ్, నువ్వు నాన్న పక్కన కూర్చో, ఆయనకి చేతులు వణికితే నీళ్ళు పట్టు. లాయర్‌కి అక్కడినుంచే ఫోన్ చెయ్యి. వర్షితా, స్నానం సంగతి చూసింది నువ్వు ఒక్కదానివే. ఆయన నోరు పెగలకపోతే నువ్వు చెప్పాలి. నువ్వూ చెప్పలేకపోతే, నిమ్మకాయ పిండినదాన్ని నేనున్నాను. పేరు నేనే ఇస్తాను."

రామబ్రహ్మం చొక్కా చేతుల్లోకి తీసుకుని బొత్తాలు విప్పడం మొదలుపెట్టాడు.